సంఘంలో ధైర్యం చెప్పేది ఎవరు?

సంఘంలో కుంగిపోయిన మనిషికి ధైర్యం చెప్పే పని ఎవరిదని అడిగితే, మన దగ్గర ఎక్కువమంది తడుముకోకుండా ఇచ్చే జవాబు అయ్యగారిదనే. ఇంట్లో జబ్బు చేస్తే అయ్యగారు రావాలి, పిల్లవాడు దారి తప్పితే అయ్యగారు మాట్లాడాలి, ఎవరైనా చనిపోతే ఆదరణ కూడికలో అయ్యగారే వాక్యం చెప్పాలి. మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చుని విని, భోంచేసి, వందనాలు చెప్పి వెళ్లిపోతారు. ఈ పద్ధతి మనకు ఎంత అలవాటైపోయిందంటే, కొత్త నిబంధనలో ఇలాంటి ఏర్పాటు ఎక్కడా లేదన్న సంగతి కూడా మనకు తట్టదు. హెబ్రీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం, విశ్వాసం నుంచి జారిపోకుండా ప్రతి దినమూ ఒకరినొకరు మేలుకొలుపుకోమని సంఘం మొత్తానికి చెప్పింది. పదో అధ్యాయంలో కూడికలు మానవద్దన్న మాటను మనం హాజరుపట్టీకి సంబంధించిన ఆజ్ఞగా వాడుకుంటున్నాం. కానీ ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోవాలనే ఆ రచయిత కూడిక మాట ఎత్తాడు. పరస్పర ప్రోత్సాహం లేకుండా విశ్వాసం ఎక్కువకాలం నిలవదనీ, దాన్ని ఒక్కరి ఉద్యోగంగా మార్చిన సంఘం ఎంత పెద్దదైనా అందులోని సభ్యుడు ఒంటరిగానే మిగులుతాడనీ నా వాదన. ఇందుకు వాక్యంలోనూ, సంఘ చరిత్రలోనూ, మన తెలుగు నేల మీదా ఆధారాలున్నాయి. అభ్యంతరాలూ ఉన్నాయి, వాటిలో కొన్ని బలమైనవే.

పౌలంతటివాడికి కూడా ఇది అవసరమైందా అనేవారికి అపొస్తలుల కార్యముల ఆఖరి అధ్యాయం జవాబు చెబుతుంది. ఓడ పగిలి, ప్రాణాలతో బయటపడి, ఖైదీగా రోముకు వెళ్తున్న పౌలును ఎదుర్కోవడానికి అక్కడి విశ్వాసులు కొందరు అప్పీయా సంత వరకూ, మరికొందరు త్రిసత్రాల వరకూ వచ్చారు. అప్పీయా సంత రోముకు అరవై కిలోమీటర్ల పైమాటే. నడిచి వచ్చి నడిచి వెళ్లాలంటే రోజుల పని. వాళ్లలో ఒక్కరి పేరూ లూకా రాయలేదు, వాళ్లేం మాట్లాడారో రాయలేదు. వాళ్లను చూసి పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడని మాత్రం రాశాడు. దానికి ముందటి అధ్యాయంలోనే, తుపానులో చిక్కుకున్న ఓడ మీద, భయపడవద్దని పౌలుతో దేవదూత స్వయంగా చెప్పాడు. దేవదూత మాట చెవులారా విన్న మనిషికి కూడా, దుమ్ము కొట్టుకున్న కాళ్లతో ఎదురొచ్చిన పేరులేని విశ్వాసుల వల్ల కొత్త ధైర్యం కలిగింది. అదే రోము సంఘానికి కొన్నేళ్ల ముందు రాసిన పత్రిక మొదట్లోనే అతను తన విశ్వాసం వల్ల వాళ్లకూ, వాళ్ల విశ్వాసం వల్ల తనకూ ఆదరణ కలగాలని కోరుకున్నాడు. అపొస్తలుడు తానిచ్చేవాడినే గానీ పుచ్చుకునేవాడిని కానని అనుకోలేదు.

బర్నబా విషయానికి వస్తే, ప్రోత్సాహం తియ్యటి మాటలతో తీరేది కాదనీ, దానికి ఖర్చు ఉందనీ తెలుస్తుంది. యెరూషలేములో శిష్యులంతా సౌలును, అంటే తర్వాతి పౌలును, చూసి భయపడుతున్న రోజుల్లో బర్నబా అతన్ని చేరదీసి అపొస్తలుల ముందు నిలబెట్టాడు. సౌలు మోసగాడని తేలి ఉంటే బర్నబాకున్న పేరు కూడా పోయేది. అంతియొకయలో పని పెరిగినప్పుడు తార్సుదాకా వెళ్లి అతన్నే వెతికి తెచ్చాడు. తర్వాత పంఫూలియలో తమను వదిలేసి వెళ్లిపోయిన మార్కును మళ్లీ వెంటబెట్టుకు వెళ్దామన్నందుకు పౌలుతోనే తీవ్రంగా విభేదించాల్సి వచ్చింది. మార్కును తీసుకుని అతను కుప్రకు ఓడెక్కాడు. ఆ గొడవలో ఎవరిది న్యాయమన్న తీర్పు లూకా ఇవ్వలేదు. ఏళ్లు గడిచాక చెరసాల నుంచి తిమోతికి రాస్తూ, మార్కును వెంట తీసుకురమ్మనీ అతను తన పరిచర్యకు పనికొచ్చేవాడనీ పౌలే చెప్పాడు. బర్నబా పేరు మీద కొత్త నిబంధనలో ఒక్క పత్రికా లేదు. అతను నిలబెట్టిన ఇద్దరి పేర్ల మీద మాత్రం 13 పత్రికలూ ఒక సువార్తా ఉన్నాయి.

తొలి శతాబ్దాల సంఘం ఈ పనిని డబ్బుతో, కాలంతో, శరీరశ్రమతో చేసిందనడానికి బయటివారి సాక్ష్యమూ ఉంది. సుమారు 112లో బితూనియ అధిపతి ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖ ప్రకారం, క్రైస్తవులు నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుని క్రీస్తుకు పాటలు పాడేవారు. దొంగతనం, వ్యభిచారం, మాట తప్పడం చేయబోమని అంతా కలిసి ప్రమాణం చేసేవారు. కార్తేజీలో టెర్టుల్లియన్ 197 ప్రాంతంలో రాసిన సమర్థన గ్రంథంలో, సభ్యులు ఇష్టపూర్వకంగా వేసే నెలవారీ చందా పేదల ఖననానికీ, అనాథలకూ, ముసలివారికీ, విశ్వాసం కోసం గనుల్లోనూ చెరల్లోనూ ఉన్నవారికీ వెళ్లేదని ఉంది. వీటిని వేగంగా దాటి 18వ శతాబ్దపు ఇంగ్లాండుకు వస్తాను, ఎందుకంటే మన ప్రశ్న అక్కడ బాగా స్పష్టమవుతుంది. 1742లో బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు ఎలా తీర్చాలా అని సమావేశమయ్యారు. మనిషికి వారానికో పెన్నీ ఇద్దామని కెప్టెన్ ఫోయ్ అనే సభ్యుడు సూచించాడు. పేదవాళ్లు ఇవ్వలేరు కదా అంటే, నిరుపేదలైన పదకొండు మందిని తనకే అప్పగించమనీ, వాళ్లు ఇవ్వలేనిది తాను వేస్తాననీ అన్నాడు. అలా ఒక్కొక్కరూ పదకొండు మంది ఇళ్లకు పెన్నీల కోసం తిరగడం మొదలుపెట్టారు. తిరిగినవాళ్లకు అప్పటిదాకా సంఘానికి తెలియని సంగతులు కనిపించాయి: ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో జబ్బు, ఒక ఇంట్లో విశ్వాసం ఆరిపోయే స్థితి. వసూలుకు పెట్టిన ఏర్పాటే సంరక్షణ ఏర్పాటుగా మారింది. పన్నెండు మంది చొప్పున వారం వారం కలుసుకుని తమ ఆత్మల స్థితి చెప్పుకునే క్లాసులు మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముక అయ్యాయి. 19వ శతాబ్దంలో మందిరాలు పెద్దవవుతూ సభ్యులు స్థితిమంతులవుతున్న కొద్దీ ఆ క్లాసులు క్షీణించాయి. వేలమందికి బయట మైదానాల్లో బోధించిన వెస్లీ గుర్తించింది ఇదే: మనిషిని ప్రసంగం కదిలించగలదు, కదిలినవాడు నిలబడాలంటే మాత్రం అతని పేరూ ఇల్లూ తెలిసిన నలుగురు కావాలి.

మన నేల మీద ఇదే సంగతి ఓంగోలులో జరిగింది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఏళ్ల తరబడి పని చేసినా చెప్పుకోదగ్గ ఫలితం లేక, దాన్ని మూసేద్దామన్న చర్చ అమెరికాలో నడిచిన కాలమది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఓంగోలు కొండెక్కి ప్రార్థించింది ఐదుగురే: మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, నర్సు అనే ఆయన, రూతు, జూలియా. చివరి ముగ్గురూ తెలుగు విశ్వాసులు. వెనక్కి రమ్మని సొంతవాళ్లే అడుగుతున్నప్పుడు మిషనరీ పక్కన నిలబడి ప్రార్థించినవాళ్లను చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. ఓంగోలుకు క్లౌ దొర అనే మిషనరీ 1866లో వచ్చాడు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా తాళ్లకొండపాడు ప్రాంతంలో పని మొదలైంది. పండగకు డప్పు కొట్టబోమని, ఆదివారం వెట్టికి రాబోమని అన్నందుకు ఊరి పెద్దలు ఈ కొత్త విశ్వాసులకు నీళ్లూ పనీ లేకుండా చేసిన సందర్భాలు అనేకం. ధాతు కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నదిలో నిలబడి ఇచ్చారు. ఏడాది చివరికి ఓంగోలు సంఘ సభ్యులు పన్నెండు వేలు దాటారు. అందరికీ చెప్పే ఈ అంకె దగ్గర మనం ఆగిపోతాం గానీ, అసలు ప్రశ్న ఆ మర్నాటిది. వందల పల్లెల్లో చెదిరి ఉన్న వేలమంది, చదువు రానివాళ్లు, ఊరి బావి మూతపడినవాళ్లు, విశ్వాసంలో ఎలా నిలిచారు? క్లౌ దొర ఏడాదిలో ఒక్కో పల్లెను ఒక్కసారి చూడటం కూడా గగనమే. నిలబెట్టినవాళ్లు పల్లె బోధకులు, కులపెద్దల నుంచి సంఘపెద్దలైనవాళ్లు, బైబిల్ స్త్రీలు. పగలంతా తోలు పనీ కూలిపనీ చేసుకుని రాత్రి దీపం చుట్టూ చేరి, వచ్చిన నాలుగు పాటలే మళ్లీ మళ్లీ పాడుకున్నవాళ్లు. మూడు నెలలకోసారి బోధకులు ఓంగోలులో కలుసుకునే కూడికలు కూడా వాక్యం నేర్చుకోవడంతో పాటు, ఏ పల్లెలో ఎవరికి ఏ కష్టం వచ్చిందో ఒకరికొకరు చెప్పుకునే చోటుగా పనిచేశాయి.

అయితే ఈ చరిత్రలో మనం తలెత్తి చూడలేని భాగమూ ఉంది. ప్రోత్సాహం కులం గీత దగ్గర ఆగిపోవడం అది. ఒక మిషన్ కింద మాదిగలు, ఇంకో మిషన్ కింద మాలలు ఎక్కువగా చేరడంతో మొదలై, ఒకే ఊళ్లో పల్లెకో చర్చిగా గట్టిపడిన విభజన ఈనాటికీ పోలేదు. ఒకే డయాసిస్‌లో ఎన్నికలొస్తే అది పైకి తేలుతుంది. ఎవరింటి ఆదరణ కూడికకు ఎవరు వెళ్తారు, వెళ్లినవాళ్లు అక్కడ భోంచేస్తారా లేదా అన్నది చూస్తే ఏ సంఘంలోనైనా పరస్పర ప్రోత్సాహం ఎంత దూరం పోతుందో అర్థమవుతుంది. ఈ దూరం తెల్లదొరల కాలంలో వేరే రూపంలో ఉండేది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య, తర్వాత 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన ఆయనే, మిషనరీలు చేసిన త్యాగాలను ఒప్పుకుంటూనే, వాళ్లు భారతీయ సహోదరులకు స్నేహితులు కాలేకపోయారని ముఖం మీద చెప్పాడు. సేవ అందుతోంది, స్నేహం అందడం లేదన్నది ఆయన బాధ. భక్తసింగ్ సంఘాల్లో ఆరాధన తర్వాత జరిగే ప్రేమవిందుకు నేను విలువ ఇచ్చేది ఇందుకే. కలెక్టరైనా కూలివాడైనా ఒకే చాప మీద వరసగా కూర్చుని ఒకే అన్నం తినడం కులాన్ని అంతటితో చంపేయలేదు. ఐనా పక్కనున్నవాడి ముఖం చూడక తప్పని పరిస్థితిని అది కల్పించింది. ఈ కుల సమస్యకు చట్టం సృష్టించిన చిక్కు ఒకటి తోడైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కుల హోదా ఉండదు. అందుకే 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే కనిపిస్తారు, ఆదివారం మందిరాల్లో కనిపించేవాళ్లు వేరు. కాగితం మీద ఒకటి, బల్ల దగ్గర ఒకటిగా బతికేవాళ్ల మనసులోని భయం, అపరాధభావం వేదిక మీది నుంచి ఎవరూ తీర్చలేరు. అదే పరిస్థితిలో ఉన్న తోటి విశ్వాసితో, తలుపు వేసుకుని మాట్లాడుకోవాల్సిన సంగతి అది.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే, మన ఏర్పాట్లన్నీ వేదిక వైపు ఒరుగుతున్నాయి. ఉజ్జీవ సభలకు ఫ్లెక్సీలు, సౌండ్ సిస్టం, ఎల్ఈడీ తెర, ప్రసంగికుల ఫొటోలు. అవి చాలక యూట్యూబ్. 2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూతపడినప్పుడు ఫోను ద్వారా వాక్యం అందడం నిజంగా మేలు చేసింది, దాన్ని కాదనను. కానీ తెర మీద వాక్యం వింటున్నవాడు మూడు వారాలు కనబడకపోతే అడిగేవాడు లేడు. ఒకప్పుడు సామాన్య విశ్వాసి నోరు విప్పే అవకాశమున్న సాక్ష్యం కూడా మారిపోయింది. ఇప్పుడు సాక్ష్యమంటే ఫలితం వచ్చాక చెప్పేది: వీసా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పదేళ్లకు బిడ్డ పుట్టింది. ఆ సంతోషం నిజమైనదే. అయితే అది విన్న ప్రతిసారీ, బిడ్డ పుట్టని ఇంకో చెల్లెమ్మ వెనక వరసలో తల దించుకుంటుంది. 88వ కీర్తన మొదలు నుంచి చివరి దాకా చీకటిలోనే ఉంది, వెలుగు చూడకుండానే ముగుస్తుంది, అయినా అది దేవుని ప్రజల పాటల పుస్తకంలో ఉంది. ఇంకా జవాబు రాని ప్రార్థన గురించి నిలబడి చెప్పుకునే వీలు లేని సంఘంలో, ప్రోత్సాహం అవసరమైనవాళ్లే ముందు మౌనమైపోతారు.

అభ్యంతరాల్లో మొదటిది భక్తిపరమైనది: దేవుడు చాలు, మనుషుల మీద ఆనుకోవడం విశ్వాస లోపం అని. సిక్లగులో సొంత మనుషులే రాళ్లతో కొట్టి చంపాలనుకున్నప్పుడు దావీదు తన దేవునిలో ధైర్యం తెచ్చుకోలేదా అంటారు. తెచ్చుకున్నాడు. కానీ దానికి ముందే, రాజైన సౌలు తరుముతున్న కాలంలో, యోనాతాను అడవిలో ఉన్న దావీదు దగ్గరికి వెళ్లి దేవుని బట్టి అతన్ని బలపరిచాడని అదే గ్రంథం చెబుతోంది. అంతకంటే పెద్ద జవాబు గెత్సేమనేలో ఉంది. ప్రభువే ముగ్గురిని వెంట తీసుకెళ్లి, తనతో కూడా మెలకువగా ఉండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయినప్పుడు నొచ్చుకున్నాడు. ఆయన అడిగినదాన్ని మనం అడగడం విశ్వాస లోపమైతే, ఆయన గురించి ఏమనాలి?

రెండోది గట్టి అభ్యంతరం. ఎప్పుడూ ప్రోత్సాహం, ప్రోత్సాహం అంటే పాపాన్ని ఖండించేవాళ్లెవరు, సంఘం ముఖస్తుతి మందిరం అయిపోదా అని. ప్రమాదం నిజమే, పండగకూ పుట్టినరోజుకూ శాలువాలు కప్పే ఆచారం ఆ దారిలోనే ఉంది. కానీ పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో మనుషులను విడదీసి చెప్పాడు: క్రమం తప్పినవాడికి బుద్ధి చెప్పాలి, ధైర్యం లేనివాడిని ఓదార్చాలి, బలహీనుడికి ఊతమివ్వాలి, అందరితో ఓపిక పట్టాలి. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తెలియకుండా ఈ ఆజ్ఞను పాటించడం అసాధ్యం. తెలియని మనిషిని వేదిక మీది నుంచి గద్దిస్తే, గద్దింపు పడాల్సినవాడు పక్కవాడిని చూసి నవ్వుకుంటాడు, ఓదార్పు కావాల్సినవాడు కుంగిపోతాడు. అంతియొకయలో అన్యజనులతో భోంచేయడం మానుకున్న పేతురును పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఆ వేషధారణలో బర్నబా కూడా కొట్టుకుపోయాడని బాధగా రాశాడు. ఆదరించడంలో పేరుపడ్డవాడికి కూడా సరిచేసేవాడు కావాల్సి వచ్చింది. దగ్గరితనం ఉన్నచోటే దిద్దుబాటు చెల్లుతుంది, అది లేనిచోట నిందగా మిగులుతుంది.

మూడో అభ్యంతరాన్ని నేను అన్నిటికంటే తీవ్రంగా తీసుకుంటాను, ఎందుకంటే దానివల్ల దెబ్బతిన్నవాళ్లే దాన్ని లేవనెత్తుతారు. స్త్రీల కూడికలో చెప్పుకున్న కష్టం సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ప్రార్థన మనవి అన్న పేరుతో వాట్సాప్ గ్రూపులో ఒక ఇంటి గుట్టు వందమందికి చేరుతుంది. భర్త కొడుతున్నాడని చెప్పుకున్న స్త్రీకి సర్దుకుపొమ్మన్న సలహా, దిగులు జబ్బుతో మంచం పట్టిన యువకుడికి ప్రార్థన చేసుకుంటే పోతుందన్న మాట, ఇవి ప్రోత్సాహం వేషంలో జరిగే హాని. దీనికి జవాబు కూడికలు మానుకోవడం కాదని అనుకుంటాను. చిన్న గుంపులో విన్నది అక్కడే ఉండాలన్న కట్టుబాటును బాప్తిస్మానికి ముందు నేర్పే పాఠాల్లో చేర్చాలి, దాటినవాడిని పెద్దలు నిలదీయాలి. వైద్యం కావాల్సినవాణ్ణి వైద్యుడి దగ్గరికి వెంటబెట్టుకు వెళ్లడం కూడా పరిచర్యేనని ఒప్పుకోవాలి. చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ఏలియాకు దేవదూత మొదట రొట్టె, నీళ్లు పెట్టి నిద్రపోనిచ్చాడు. ప్రశ్నలూ మాటలూ ఆ తర్వాత వచ్చాయి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన నోరెత్తకుండా కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే.

ఇక సంఘం పెద్దదైతే ఇదంతా కుదరదనీ, ఇది కాపరి బాధ్యతేననీ అనేవాళ్లు లెక్క వేసి చూడాలి. 200 కుటుంబాలున్న సంఘంలో కాపరి వారానికి నాలుగిళ్లు తిరిగితే, ఒక్కో ఇంటికి ఏడాదికి ఒక్కసారి వెళ్లగలడు. ఆ ఏడాదిలో ఆ ఇంట్లో జరగాల్సిన పెళ్లి, చావు, అప్పు, గొడవ అన్నీ జరిగిపోతాయి. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల స్త్రీలు శుక్రవారం సెలవు దొరికితే తెలుగు కూడికకు వస్తారు, దొరకనివాళ్లకు తోటివాళ్లే ఫోనులో పాట పాడి వినిపించి ప్రార్థిస్తారు. అక్కడ కాపరి ఉన్నా అతను ప్రతి వంటింటికీ వెళ్లలేడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం కాపరికి ఇచ్చిన పని, పరిచర్య అంతా తానే చేయడం కాదు, పరిశుద్ధులను ఆ పరిచర్యకు సిద్ధం చేయడం.

ఒక సంగతి మిగిలింది, దాని గురించి మన పత్రికలు దాదాపు రాయవు. ప్రోత్సాహం ఒకే దిక్కున పారే ఏర్పాటులో అందరికంటే ఎక్కువ ఎండిపోయేది కాపరే. నాలుగు వందల మంది కష్టాలు మోసేవాడు తన ఇంటి కష్టం ఎవరితో చెప్పుకుంటాడు? పిల్లల ఫీజు కట్టలేకపోతే, భార్యకు ఒంట్లో బాగా లేకపోతే, తనకే వాక్యం రుచించని రోజులొస్తే? పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఏడో అధ్యాయంలో, మాసిదోనియకు వచ్చినప్పుడు తనకు శరీరంలో విశ్రాంతి లేదనీ, బయట పోరాటాలు, లోపల భయాలనీ, తీతు వచ్చాకే దేవుడు తనను ఆదరించాడనీ సంఘానికే రాసి పంపాడు. ఇవాళ మన కాపరుల్లో అలాంటి ఉత్తరం తన సంఘానికి రాయగలిగినవాళ్లు అరుదు. రాస్తే కమిటీ ఏమనుకుంటుందో వాళ్లకు తెలుసు. ఒక సంఘంలో పరస్పర ప్రోత్సాహం ఉందా లేదా అని పరీక్షించాలంటే, అక్కడి అయ్యగారూ అమ్మగారూ తమ బాధ చెప్పుకోవడానికి ఏ ఇంటి తలుపు తట్టగలరో అడిగి చూడొచ్చు.